ఎలుగుబంటికి ఏ తుపాకి? – ఒక అంకె చెప్పని సంగతులు

అబుధాబిలో 2003 నుండి జరుగుతున్న అంతర్జాతీయ వేట, అశ్వ ప్రదర్శనకు మన తెలుగు కుటుంబాలు కూడా పిల్లలతో వెళ్ళి వస్తుంటాయి. డేగలను, గుర్రాలను చూసిన తరువాత పిల్లల చూపు రైఫిళ్ళు పెట్టిన అద్దాల బీరువాల వద్ద నిలిచిపోతుంది. ప్రతి రైఫిలుకూ ఒక అంకె ఉంటుంది: .308, .338, .375. పెద్ద ఎలుగుబంటిని ఆపాలంటే ఏ అంకె కావాలన్నది పిల్లలకు సహజంగా కలిగే సందేహం. పెద్దలు చాలామంది "ఎంత పెద్దదైతే అంత మంచిది" అని ఊరుకుంటారు. ఈ జవాబులో సత్యం సగం కూడా లేదు.

మనం నివసిస్తున్న ఈ దేశంలో అడవి ఎలుగుబంట్లు లేవు. వేటను ఇక్కడ 1983లోనే ఫెడరల్ చట్టం కట్టడి చేసింది. మన మాతృదేశంలోనూ వేట నిషిద్ధం. కనుక ఈ వ్యాసం వేటగాళ్ళకోసం వ్రాసినది కాదు. అయినప్పటికీ, మీదికి వచ్చే ఎలుగును ఆపడమెలా అన్న ప్రశ్న శ్రీకాకుళం జిల్లా జీడితోటల రైతులకు నేటికీ ప్రాణసమస్యే. దానికి శాస్త్రం చెప్పే జవాబు ఆ అంకెతో మొదలై, చాలా దూరం వెళ్ళి ముగుస్తుంది.

క్యాలిబర్ అనగా నేమి?

క్యాలిబర్ అంటే తుపాకి గొట్టం లోపలి రంధ్రపు వ్యాసం. అంగుళాలలో గాని, మిల్లీమీటర్లలో గాని చెబుతారు. .30 అంటే అంగుళంలో నూటికి ముప్ఫై వంతులు, అనగా 7.62 మిల్లీమీటర్లు. ".30-06" అనే పేరులోని 06 కొలత కాదు, అమెరికా సైన్యం ఆ తూటాను స్వీకరించిన 1906వ సంవత్సరం. తూటా అన్నప్పుడు ఇత్తడి గొట్టం, దానిలోని మందు, ముందుభాగాన ఉండే గుండు, ఈ మొత్తాన్ని చెబుతున్నాం. క్యాలిబర్ ఆ గుండు లావును మాత్రమే తెలుపుతుంది. దాని బరువును గాని, వేగాన్ని గాని తెలుపదు.

ఒక ఉదాహరణ చూడండి. పోటీలలో కాగితపు గురిని కొట్టే .22 లాంగ్ రైఫిల్ గుండు బరువు సుమారు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 330 మీటర్లు. .223 రెమింగ్టన్ గుండు వ్యాసం దాదాపు అంతే. కాని బరువు 3.6 గ్రాములు, వేగం సెకనుకు 990 మీటర్లు. బడిలో నేర్చుకున్న సూత్రం ప్రకారం ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి సగం చేస్తే గతిజశక్తి వస్తుంది. మొదటిదానికి సుమారు 140 జౌళ్ళు, రెండవదానికి 1,700కు పైన. లావు ఒక్కటే, శక్తి పన్నెండు రెట్లు! వేగం వర్గంగా పెరగడమే దీనికి ముఖ్యకారణం.

ఎలుగు ఎంత? గుండు ఎంత?

గోధుమరంగు ఎలుగుబంటి అలాస్కా నుండి హిమాలయాల వరకు, మనకు ఎదురుగా గల్ఫు జలాల ఆవలనున్న ఇరాను జాగ్రోస్ పర్వతాలలో కూడా, నివసిస్తున్నది. అలాస్కాకు చెందిన కోడియాక్ దీవిలో మగ ఎలుగులు 600 కిలోలు దాటుతాయి. హిమాలయాలలోనివి చాలా చిన్నవి. మన తెలుగు అడవులలో ఉండేది వేరే జాతి; చెదపురుగులు, ఇప్పపూలు, పండ్లు తినే నల్లని ఎలుగు. మగది సాధారణంగా 80 నుండి 145 కిలోలు.

పెద్ద ఎలుగుల సందర్భంలో ఎక్కువగా వినవచ్చే మూడు తూటాల లెక్క ఇది. గుండు బరువులను బట్టి ఈ విలువలు కొంత మారుతుంటాయి.

.30-06 (1906): గుండు 11.7 గ్రాములు, వేగం సెకనుకు 820 మీటర్లు, శక్తి సుమారు 3,900 జౌళ్ళు.
.338 వించెస్టర్ మాగ్నమ్ (1958): 16.2 గ్రాములు, 810 మీటర్లు, సుమారు 5,300 జౌళ్ళు.
.375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ (1912): 19.4 గ్రాములు, 770 మీటర్లు, సుమారు 5,800 జౌళ్ళు.

సినిమాలలో గుండు తగిలిన మృగం గాలిలోకి ఎగిరి వెనక్కు పడుతుంది. ఇది సాధ్యమా? మూడింటిలో బలమైన .375 గుండు ద్రవ్యవేగాన్ని లెక్కించండి. 0.0194 కిలోలను 770తో గుణిస్తే 15 వస్తుంది. ఆ ద్రవ్యవేగమంతా 300 కిలోల ఎలుగుకు చేరినా, దానికి కలిగే వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు! న్యూటన్ మూడవ నియమాన్ని బట్టి చూచినా, ఎలుగును ఎగరగొట్టే గుండు కాల్చినవానినీ వెనక్కు విసరివేయాలి. కనుక ఎలుగును ఆపేది గుండు తోపు కాదు, గుండు లోపల చేసే గాయం.

గాయం గుండెకే తగిలినా, మెదడుకు రక్తం అందక స్పృహ తప్పడానికి పది సెకన్లు పట్టవచ్చు. పెద్ద ఎలుగు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 14 మీటర్లు పరుగెత్తగలదు. పది సెకన్లలో 140 మీటర్లు! "చావుదెబ్బ" వేరు, "ఆపే దెబ్బ" వేరు అని అనుభవజ్ఞులు చెప్పే మాటకు అర్థం ఇదే.

దబ్బనం నీతి

గుండు దట్టమైన బొచ్చు, కొవ్వు, కండ, భుజపుటెముక దాటి లోపలికి చొరబడాలి. గోనెసంచిని వేలితో పొడిస్తే గుచ్చుకోదు. అదే బలంతో దబ్బనం సులభంగా దిగుతుంది. తక్కువ వైశాల్యం మీద ఎక్కువ ద్రవ్యరాశి ఉంటే చొచ్చుకుపోయే గుణం పెరుగుతుంది. అందుచేత ఒకే లావుగల రెండు గుండ్లలో పొడవైనది, బరువైనది లోతుకు పోతుంది. గుండు నిర్మాణం కూడా ముఖ్యమే. మెత్తని సీసం ఎముకకు తగిలి చిట్లిపోతే శక్తి అంతా పైననే వృథా అవుతుంది.

అలాస్కాలో పనిచేసే అటవీ సిబ్బంది రక్షణకోసం అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞులు ఇద్దరు ఈ విషయాన్ని పరీక్షించి 1983లో నివేదిక ప్రచురించారు. దాదాపు 14 మీటర్ల దూరం నుండి, అక్కడ వాడుకలో ఉన్న తుపాకులను కాల్చి చూశారు. పెద్ద మాగ్నమ్ రైఫిళ్ళు ముందు నిలిచాయి. అయితే 1906 నాటి .30-06 సైతం బరువైన గుండుతో మెచ్చదగిన ఫలితం ఇచ్చింది. చేతి పిస్తోళ్ళు వెనుకబడిపోయాయి.

మరి అందరూ .375 కొనుక్కోవచ్చు గదా? ఇక్కడ మనిషి శరీరం అడ్డువస్తుంది. తూటా శక్తి పెరిగినకొద్దీ భుజానికి తగిలే ఎదురుదెబ్బ పెరుగుతుంది. దెబ్బకు భయపడేవాడు మీట నొక్కే క్షణంలో కళ్ళు మూసుకుంటాడు, గురి తప్పుతుంది. అందుకే అలాస్కా వన్యప్రాణి శాఖ, భయపెట్టే పెద్ద మాగ్నమ్ కంటె సుఖంగా, కచ్చితంగా కాల్చగలిగిన .30-06, గట్టి గుండుతో, మేలని వేటగాళ్ళకు సలహా ఇస్తుంది. దీనికి విపరీతమైన నిదర్శనం కెనడాలో జరిగింది. 1953లో అల్బర్టా రాష్ట్రంలో బెల్లా ట్విన్ అనే క్రీ తెగ మహిళ, కుందేళ్ళవంటి చిరుజంతువులకు వాడే .22 తుపాకితో, ఆనాటి రికార్డులకెక్కిన పెద్ద గ్రిజ్లీ ఎలుగును తలపై కాల్చి చంపింది. ఒక్కొక్క గుండు శక్తి 150 జౌళ్ళకు మించదు. ఇది ఎవరూ అనుకరించదగినది కాదు; కాని ఎంత శక్తి అన్నదానికంటె ఎక్కడ తగిలింది అన్నది ప్రధానమని చూపుతుంది.

వేడి, మందు, చట్టం

రసాయన శాస్త్రవేత్తకు ఇంకొక సంగతి ఆసక్తి కలిగిస్తుంది. గుండును తోసేది మందు మండగా పుట్టే వాయువు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందును తయారుచేశాడు. 1889లో బ్రిటన్‌లో ఏబెల్, డ్యూవార్ కార్డైట్‌ను రూపొందించారు. చాలా రసాయన చర్యల వలెనే దీని దహనవేగం కూడా ఉష్ణోగ్రతతో పెరుగుతుంది. లండనులో సురక్షితమైన తూటా, మన కడప ఎండలో లేదా షార్జా ఎండలో వేడెక్కితే గొట్టంలో పీడనం అధికమై, ఇత్తడి గొట్టం బిగుసుకుపోయి బయటకు రాదు. మృగం ఎదుట ఉన్నప్పుడు ఇది ప్రాణాంతకం. అందుచేత ఉష్ణదేశాలకై చేసిన ఇంగ్లీషు తూటాలలో పీడనం కావాలనే తగ్గించారు. తగ్గిన పీడనంతోనే శక్తి రావాలంటే గొట్టం లావు కావాలి, తూటా పొడవు కావాలి. ఆనాటి వేట తుపాకుల భారీతనానికి ఏనుగులూ ఎలుగులూ ఎంత కారణమో, ఎండ కూడా అంత కారణం.

చట్టం కూడా అంకెను మార్చింది. 20వ శతాబ్దపు తొలి దశకంలో, తూటాలు తిరుగుబాటుదారుల పాత సైనిక తుపాకులకు ఉపయోగపడతాయన్న భయంతో, బ్రిటిషు ప్రభుత్వం .450 తుపాకులను భారతదేశంలోకి రానివ్వలేదు. తయారీదారులు వెంటనే .465, .470, .475 అంటూ కొత్త అంకెలు సృష్టించారు. మృగాలు మారలేదు, నిబంధన మారింది. చిత్తూరు జిల్లా చామల లోయలో నరభక్షక పులిని వేటాడి ఆ కథ వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండే .405 వించెస్టర్, అమెరికాలో తయారై వచ్చినదే.

ఉద్దానంలో ఎలుగు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగును మొదటి షెడ్యూలులో చేర్చింది. మనుషుల ప్రాణాలకు ప్రమాదకరమై, పట్టుకొనుటకు గాని, మత్తు ఇచ్చుటకు గాని, వేరొకచోటికి తరలించుటకు గాని వీలుపడనప్పుడే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు దానిని చంపుటకు లిఖితపూర్వకంగా అనుమతించగలడు. కావున నేడు మన రాష్ట్రాలలో ఎలుగుకు గురిపెట్టే తుపాకి నుండి వెలువడేది సూదిమందు, అడగవలసిన ప్రశ్న "ఏ క్యాలిబర్?" కాదు, "ఎంత మోతాదు?"

ఈ మోతాదు జంతువు బరువును బట్టి, కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని నిర్ణయిస్తారు. పొదలో నక్కిన ఎలుగును ఎవరు తూచగలరు? కంటితో 80 కిలోలు అనుకున్నది 120 కిలోలైతే, మందు మూడింట ఒకవంతు చాలదు. అది సగం మత్తులో మరింత ప్రమాదకరంగా ఉంటుంది. తిరగవేసి పొరబడితే మందు సగం ఎక్కువై శ్వాసకు ముప్పు. మత్తులోని జంతువు తన ఒంటి వేడిని అదుపు చేసుకోలేదు కూడా. పైగా మందు పనిచేయడానికి నిమిషాలు పడుతుంది. చుట్టూ జనం గుమిగూడితే ఆ నిమిషాలే కీలకం.

2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఒక ఎలుగు ఒక రైతును చంపి, మరికొందరిని గాయపరచింది. అటవీశాఖవారు మత్తుమందిచ్చి పట్టుకున్నారు. కాని విశాఖపట్నం జంతుప్రదర్శనశాలకు తరలించే క్రమంలో అది మరణించింది. ఒక కుటుంబం తన మనిషిని కోల్పోయింది, అడవి తన ప్రాణిని కోల్పోయింది. జీడిపండ్లు, పనసపండ్లు కొండ దిగువకు ఎలుగును పిలుస్తున్నంతకాలం, తుపాకి అంకె పెంచడం వలన గాని, మందు మోతాదు పెంచడం వలన గాని ఈ సమస్య తీరదు.

మిరప చెప్పే జవాబు

గాయపరచకుండా, బరువు తూచకుండా, క్షణాలలో పనిచేసే రసాయనం ఒకటి ఉన్నది. గుంటూరు మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అది. వేడిని గుర్తించే నాడీ గ్రాహకాన్ని ఇది తాకి, నిప్పు లేకుండానే మండుతున్న అనుభూతి కలిగిస్తుంది. 43 డిగ్రీలకు పైబడిన వేడిని పసిగట్టేది కూడా ఆ గ్రాహకమే. దీనిని 1997లో కనుగొన్న పరిశోధనకు నాయకుడైన డేవిడ్ జూలియస్, 2021 నోబెల్ బహుమతిని మరొకరితో పంచుకున్నాడు.

ఉత్తర అమెరికాలో ఒకటి, రెండు శాతం ఘాటు పదార్థం గల పిచికారీ డబ్బాలను ఎలుగులున్న అడవులలో అమ్ముతారు. అలాస్కాలో 1985 నుండి 2006 వరకు జరిగిన సంఘటనలను టామ్ స్మిత్, ఆయన సహచరులు పరిశీలించి 2008లో ప్రచురించారు. గోధుమ ఎలుగుల విషయంలో ఈ పిచికారీ నూటికి 92 సార్లు పనిచేసింది. అదే బృందం తుపాకులపై 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తుపాకి కాల్చినవారికీ కాల్చనివారికీ గాయాల పాళ్ళలో గణనీయమైన తేడా కనిపించలేదు. కారణం ఊహించవచ్చు: గుండుకు కచ్చితమైన గురి కావాలి, ఘాటు మేఘానికి అక్కరలేదు. అయితే ఎదురుగాలిలో అది మన కళ్ళకే ముప్పు.

సెలవులలో కెనడాకు గాని, అలాస్కాకు గాని వెళ్ళే కుటుంబాలు గమనించవలసిన విషయాలు కొన్ని. పిచికారీ డబ్బాను విమానంలో తీసుకుపోరాదు, అక్కడే కొనాలి. సంచి అడుగున కాక నడుముకు తగిలించుకోవాలి. ఎలుగు పది మీటర్ల లోపుకు వచ్చినప్పుడే అది ప్రయోజనకరం. బట్టలకు, గుడారానికి ముందుగా చల్లుకోకూడదు. స్వగ్రామం ఉద్దానం వైపున ఉన్నవారు, తెల్లవారుజామున, మునిమాపున తోటలకు ఒంటరిగా పోవద్దనీ, నలుగురు కలిసి మాట్లాడుకుంటూ నడవమనీ ఇంటివారికి ఫోనులో చెప్పండి. ఎలుగుకు మన అలికిడి ముందుగా వినబడితే, చాలాసార్లు అదే తప్పుకుంటుంది.