ఇంజన్ ఆయిల్: ధర చూసి కొనాలా, పరీక్ష చూసి కొనాలా?

ఈ సంచిక చేతికందుకున్న పెద్దల్లో లారీలున్నవారు, ఆటోలు తిప్పేవారు, మెకానిక్ షెడ్డు మీదో స్పేర్ పార్టుల కొట్టు మీదో ఇల్లు నడిపేవారు ఎందరో ఉంటారు. కొట్లో మామూలు ఆయిల్ డబ్బా పక్కనే అంతకంటే ఎంతో ఎక్కువ ధరతో 'సింథటిక్' డబ్బా కనిపిస్తుంది. ఎక్కువ పెడితే డబ్బు వృథా ఏమో, తక్కువ పెడితే ఇంజన్ పోతుందేమో! ఏ రోజు సంపాదన ఆ రోజే తినే డ్రైవరుకు ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి రసాయన శాస్త్రం, పరీక్షలు ఏం జవాబు చెబుతాయో చూద్దాం.

సింథటిక్ అంటే ఏమిటి?

మామూలు ఆయిల్‌ను ముడి చమురు నుంచి వేరుచేసి శుద్ధి చేస్తారు. అందులో చిన్నవి, పెద్దవి, గొలుసులుగా ఉన్నవి, వలయాలుగా ఉన్నవి, ఇలా రకరకాల హైడ్రోకార్బన్ అణువులు కలిసి ఉంటాయి. కొంత మైనం కూడా మిగులుతుంది. చలికి ఆ మైనం గడ్డకడుతుంది. వేడికి చిన్న అణువులు ఆవిరై పోతాయి.

పాలీ ఆల్ఫా ఓలెఫిన్ అనే సింథటిక్ నూనె అలా కాదు. ఇథిలీన్ వాయువు నుంచి పది కార్బన్ల డిసీన్ తయారుచేసి, ఆ అణువులను మూడేసి, నాలుగేసి కలిపి, చివరకు హైడ్రోజన్ పట్టిస్తారు. దాంతో ద్విబంధాలు పోయి, నూనె ఆక్సిజన్‌కు త్వరగా లొంగదు. అణువులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి, మైనం ఉండదు.

అయితే ఒక మెలిక ఉంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ మూల నూనెలను ఐదు వర్గాలుగా విభజించింది. పాలీ ఆల్ఫా ఓలెఫిన్లు నాలుగో వర్గం. మూడో వర్గం ముడి చమురునే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసిన నూనె. దాన్ని సింథటిక్ అనవచ్చా అని మొబిల్, కాస్ట్రాల్ కంపెనీల మధ్య వివాదం వచ్చింది. 1999లో అమెరికా ప్రకటనల పరిశీలక విభాగం అలా అనడాన్ని తప్పు పట్టలేదు. కనుక డబ్బా మీద ఆ మాట ఒక్కటే చూస్తే లోపల ఏ నూనె ఉందో తెలియదు.

ప్రయోగశాల ఏం కొలుస్తుంది?

5డబ్ల్యూ-30 అన్న గుర్తులో 'డబ్ల్యూ' చలికాలానికి సంకేతం. మైనస్ 30 డిగ్రీల వద్ద కూడా ఇంజన్ తిరిగేంత పలచగా ఆ ఆయిల్ ఉండాలి. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని చెబుతుంది. ఇంకో పరీక్షలో ఆయిల్‌ను 250 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి, ఎంత ఆవిరైందో తూస్తారు. పెట్రోల్ కార్ల 'ఎస్ఎన్' ప్రమాణంలో అది 15 శాతం దాటకూడదు. చలిలో కదలడంలోను, వేడిలో నిలవడంలోను సింథటిక్‌దే పైచేయి.

రోడ్డు ఏం చెప్పింది?

అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక న్యూయార్క్‌లో 75 టాక్సీలను ఒక్కొక్కటి 60,000 మైళ్లు, అంటే సుమారు 96,500 కిలోమీటర్లు, నడిపించింది. తర్వాత ఇంజన్లు విప్పి అరుగుదల కొలిచింది. 1996లో ప్రచురించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది: ప్రమాణాలకు సరిపోయిన ఆయిళ్ల మధ్య అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 3,000 మైళ్లకు మార్చినా 6,000 మైళ్లకు మార్చినా అంతే.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. టాక్సీ రోజంతా వేడిగానే తిరుగుతుంది, చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసే సందర్భాలు తక్కువ. గడ్డకట్టే చలిలోను, టర్బో ఇంజన్ల విపరీతమైన వేడిలోను సింథటిక్ తన విలువ చూపిస్తుంది. మన తెలుగు నేల మీద మైనస్ 30 చలి లేదు. కాబట్టి కంపెనీ పుస్తకం సింథటిక్ అడగని బండికి దాన్ని పోయకపోతే ఇంజన్ పోతుందని భయపడనక్కరలేదు. అడిగిన బండికి మాత్రం పొదుపు పేరుతో మానకూడదు.

గుర్తుంచుకోవలసినవి

ఆయిల్ నల్లబడితే చెడిపోయిందని వేలితో చూసి తేల్చకండి. మసిని కడిగి తనలో పట్టి ఉంచడం ఆయిల్‌లోని రసాయనాల పనే. అలాగని గడువు దాటించకండి, ఆ రసాయనాలు వాడుతుంటే తరిగిపోతాయి.

బండి పుస్తకంలో రాసిన గ్రేడు, ప్రమాణం డబ్బా మీద ఉన్నాయో లేదో చదవండి. చాలా మోటారు సైకిళ్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, వాటికి 'జాసో ఎంఏ' గుర్తు చూడాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు.

ఎక్కువ లారీలున్నవారు వాడిన ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్ష చేయించవచ్చు. ఇనుము పెరిగితే లోపల అరుగుదల ఉన్నట్టు, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము పోతున్నట్టు అనుమానించాలి. ఇంజన్ విప్పకముందే జబ్బు తెలుస్తుంది.

ఖరీదైన డబ్బా కొని మార్చడం మరచిపోయినవాడి బండి కంటే, సరైన గ్రేడు మామూలు ఆయిల్‌ను వేళకు మార్చేవాడి బండే ఎక్కువ కాలం నడుస్తుంది. ఈసారి ఆయిల్ కొనేటప్పుడు డబ్బా వెనుక రాసింది మీ పిల్లలచేత చదివించండి. వారికి రసాయన శాస్త్రం పాఠం, మీకు డబ్బు ఆదా.