గాలిలో మీథేన్ జమాఖర్చులు

వాయుమండలంలో నత్రజని, ఆమ్లజనుల వాటాయే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు. మిగిలిన దానిలో అధికభాగం ఆర్గాన్. ఇక లేశమాత్రంగా ఉన్నవాటిని లేశవాయువులంటారు. వాటిలో మీథేన్ ఒకటి. పారిశ్రామిక యుగానికి పూర్వం వందకోట్ల పాళ్ల గాలిలో సుమారు 700 పాళ్లుగా ఉండిన ఈ వాయువు నేడు 1900 దాటింది. మానవుని వలన పెరిగి భూతాపాన్ని హెచ్చిస్తున్న వాయువులలో బొగ్గుపులుసు వాయువు తరువాతి స్థానం దీనిదే.

తెలుగు పాఠాలు చెప్పేవానికి ఈ ప్రసంగమెందుకని సైన్సు విద్యార్థులు నవ్వవచ్చు. కాని ఇది జమాఖర్చుల వ్యవహారం. ఆ మాటలు మన కళాశాలలోని రెండు భాషలకూ సొంతమే. చిత్తడి నేలలు, పశువులు, వరిమళ్లు, బొగ్గుగనులు, చమురుబావులు, చెత్తకుప్పలు మీథేన్‌ను జమ చేస్తాయి. గాలిలోని రసాయన చర్యలు, కొంతమేరకు నేలలోని సూక్ష్మజీవులు ఖర్చు చేస్తాయి. ఏ పద్దు క్రింద ఎంత వ్రాయాలన్నదే చిక్కు.

1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ భారతదేశపు వరిమళ్ల పద్దు క్రింద ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నులు వ్రాసింది. ఇది మన మళ్లలో కొలిచినది కాదు. అమెరికా, ఐరోపా పొలాలలో లభించిన కొలతలను మన విస్తీర్ణంతో హెచ్చవేసినది. అన్నం పండించుకొనే రైతుపై ఎంతటి నేరారోపణయో ఊహించండి! దీనికి సమాధానం వాదంతో రాలేదు. 1991లో జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధ్వర్యంలో మన శాస్త్రజ్ఞులు స్వయంగా మళ్లలోకి దిగారు.

కొలిచే విధానమిది. కొన్ని వరిదుబ్బులపై పారదర్శకమైన పెట్టెను బోర్లిస్తారు. అడుగున నీరే గాలిని బయటకు పోనీయదు. కొన్ని నిమిషాలకొకసారి సిరంజితో లోపలి గాలిని తీసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పరీక్షిస్తారు. మీథేన్ పెరిగిన వేగం, పెట్టె ఘనపరిమాణం, అది కప్పిన నేల వైశాల్యం తెలిస్తే, చదరపు మీటరుకు గంటకు ఎన్ని మిల్లీగ్రాములో తేలుతుంది. చెప్పినంత సులభం కాదు. పగటి లెక్క రాత్రికి చెల్లదు. నాట్లనాటి లెక్క పొట్టదశకు చెల్లదు.

తేలినది ఏటా సుమారు 40 లక్షల టన్నులు! మొదటి అంకెలో దాదాపు తొమ్మిదవ వంతు. కారణం మన నేలలోనే ఉన్నది. నిలువనీటి క్రింద ఆమ్లజని అందని బురదలో సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. అది అధికంగా వరిమొక్క కాడల గుండానే పైకి వస్తుంది. మన పొలాలలో చాలభాగం వానపై ఆధారపడినవి, మధ్యమధ్య ఆరిపోతాయి. నేలలో సేంద్రియ పదార్థమూ తక్కువే.

ఖర్చు పద్దు ఇంకా కఠినం. మీథేన్‌లో అధికభాగాన్ని హరించే హైడ్రాక్సిల్ అణుఖండం ఒక్క సెకను కూడ నిలువదు. అందువలన మిథైల్ క్లోరోఫారం అనే పారిశ్రామిక రసాయనాన్ని సాక్షిగా పెట్టుకొన్నారు. కర్మాగారాలు విడిచినదెంతో తెలుసు, గాలిలో మిగిలినదెంతో కొలువవచ్చు; తగ్గినదాన్ని బట్టి హైడ్రాక్సిల్ బలం తెలుస్తుంది. ఓజోన్ రక్షణకై 1987 మాంట్రియల్ ఒప్పందం మేరకు ఆ రసాయనాన్ని మానివేయగా, ఆ సాక్షి కూడ క్రమంగా కనుమరుగవుతున్నది.

2010–2019 దశాబ్దానికి గాలిలోని నిల్వను బట్టి వెనుకకు లెక్కిస్తే ప్రపంచపు జమ ఏటా సుమారు 57.5 కోట్ల టన్నులు. పద్దులన్నీ కూడితే 66.9 కోట్లు. ఆ వ్యత్యాసంలో ఎక్కువపాలు చిత్తడి నేలలు, చెరువులు, నదుల పద్దులలోనే ఉన్నదని భావిస్తున్నారు.