గంతులు వేయు చెట్టుపేనులు – వాటి కుటుంబములు

గడచిన వర్షకాలమున మా తరగతి బాలురు పాఠశాల పెరటిలోని కరివేపచెట్టునుండి లేతకొమ్మ నొకదానిని తెచ్చి మాకు చూపిరి. చిగురుల సందున పసుపువన్నె పిల్లపురుగులును, వాని చుట్టు తెల్లని మైనపు పోగులును ఉండెను. ఆకులపై గోధుమవన్నె రెక్కపురుగులు కొన్ని తల వంచి, తోక పైకెత్తి కూర్చుండెను. వ్రేలు దగ్గరకు చేర్చగానే గంతు వేసి యెగిరిపోయెను. అప్పుడొక బాలుడు, "అయ్యగారూ, ఇవి పేనుబంకయే కదా! పేరేదైన నేమి?" అని యడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే యీ పాఠము.

విద్యార్థులారా! ఇవి పేనుబంక కాదు, సిల్లిడ్ పురుగులు. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, సిల్లిడ్ – ఇవన్నియు సూదివంటి నోటితో చెట్ల రసమును పీల్చునవే. కావున వీనినన్నిటిని హెమిప్టెరా అను క్రమమున చేర్చిరి. అయినను పెరిగిన సిల్లిడ్ తన వెనుకకాళ్ల బలముచే గంతు వేయును. పేనుబంక యట్లు వేయజాలదు. అందుచే సిల్లిడ్లకు సిల్లాయిడియా యను ప్రత్యేక మహాకుటుంబ మేర్పడినది. ఇందు సుమారు 4,000 జాతులు తెలియవచ్చినవి.

పూర్వము వీనినన్నిటిని ఒకే కుటుంబముగా నెంచినవారు పెక్కురు. 2021 నాటి విభజన ననుసరించి కుటుంబములు 7. వానిలో రెంటిని భూతద్దముతో గుర్తింపవచ్చును. ముందురెక్కలోని మూలపు ఈనె ఒక్కచోటనే మూడుగా చీలినచో సామాన్యముగా అది ట్రయోజిడే కుటుంబము. మొదట రెండుగా చీలి, పిదప నందొకటి మరల చీలినచో సిల్లిడే మొదలగు తక్కిన కుటుంబములలోనిది. నారింజ సిల్లిడ్‌ను 2012లో లివిడే కుటుంబమున నుంచిరి. 2021లో మరల సిల్లిడేలో చేర్చిరి. తప్పు తోచినప్పుడు దిద్దుకొనుట శాస్త్రమునకు లోపము కాదు, బలమే.

ఇక, పేరేదైన నేమి యను మాట. కరివేపపై బ్రతుకు నారింజ సిల్లిడ్ నిమ్మ, నారింజ, బత్తాయి చెట్లకు గ్రీనింగ్ తెగులును మోయును. దానికి కారణమగు సూక్ష్మజీవి చెట్టులో ఆహారరసము పారు నాళములయందు నివసించును. ఆకులు మచ్చలుగా పసుపుబారును. కాయలు చిన్నవై, వంకరలై, చేదెక్కును. సోకిన చెట్టును స్వస్థపరచు మందు లేదు. ఆఫ్రికాయందు ఈ తెగులును మోయునది ట్రయోజిడే కుటుంబములోని వేరొక పురుగు.

హిందూమహాసముద్రములోని రీయూనియన్ ద్వీపమున నీ రెండు పురుగులును చేరి తోటలను పాడుచేసెను. 1970–80 సంవత్సరముల మధ్య అచ్చటి శాస్త్రజ్ఞులు వానిని వేరువేరుగా గుర్తించి, ఆవగింజంత కందిరీగలను తెప్పించిరి. నారింజ సిల్లిడ్‌కు మన దేశమునుండి ఒక జాతి, ట్రయోజిడే పురుగునకు దక్షిణాఫ్రికానుండి మరియొక జాతి. ఒకదాని శత్రువు రెండవదానికి పనికిరాదు. పురుగును సరిగా గుర్తింపకున్నచో శ్రమయంతయు వ్యర్థమై యుండెడిది.

కావున బాలకులారా, పేరు వట్టి మాట కాదు; రైతు తోట దానిపై నాధారపడియున్నది. రేపు మీ యింటి కరివేప చిగురును భూతద్దముతో చూడుడు. రెక్కయందలి ఈనె ఎట్లు చీలినదో బొమ్మ గీచి, మాకు తెచ్చి చూపుడు.