యొర్దాను రాళ్లు - ఇంటి పెద్దలు

పాఠ్యభాగము: యెహోషువ 4వ అధ్యాయము, న్యాయాధిపతులు 2:6-10



ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు గోత్రమునకొకడు చొప్పున పన్నెండుగురు మనుష్యులు నది నడుమనుండి పన్నెండు రాళ్లను భుజములమీద మోసికొని వచ్చిరి. యెహోషువ వాటిని గిల్గాలులో నిలువబెట్టించెను. ఎందుకనగా, ముందు కాలమున పిల్లలు వాటిని చూచి ఇవి ఏమిటని అడుగుదురు; అప్పుడు తండ్రులు నది ఆరిన నేలమీద తాము నడచి వచ్చిన సంగతి చెప్పవలెను. ఇందులో రెండు పనులున్నవని గమనించుడి. అడుగుట పిల్లల పని, చెప్పుట పెద్దల పని. రాయి తనంతట తాను మాటలాడదు.

న్యాయాధిపతుల గ్రంథములో మరియొక సంగతి కలదు. యెహోషువయు అతని తరమువారును గతించిన పిమ్మట, దేవునిని గాని ఆయన చేసిన కార్యములను గాని ఎరుగని తరమొకటి పుట్టెను. ఎచ్చటనో పిల్లలు అడుగుట మానిరి, లేక పెద్దలు చెప్పుట మానిరి అని మాకు తోచుచున్నది.

మన తెలుగు సంఘములును చాలవరకు నోటిమాటవలననే పెరిగినవి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో చదువు రానివారే ఎక్కువ. విన్నదానిని కంఠస్థము చేసి బిడ్డలకు చెప్పుకొనిరి.

మా ఇంటి సంగతియు దాచము. మా తాతగారు ఎవరి మాట విని, ఎట్టి అడ్డంకుల మధ్య బాప్తిస్మము పొందిరో మా నాయనగారికి తెలియును. మేము వేదపాఠశాలలో గ్రీకు పదములు నేర్చితిమి గాని ఈ ఒక్క మాట ఆయనను అడుగలేదు. పండుగకు వెళ్లినప్పుడు అడుగుదములే అనుకొంటిమి. ఆయన ప్రభువునందు నిద్రించి ఆరేండ్లాయెను. ఇప్పుడు మా పిల్లలు అడిగినచో చెప్పుటకు మాయొద్ద ఏమియు లేదు.

కాబట్టి పెద్దలారా, మనుమలు పట్టణమునుండి సెలవులకు వచ్చినప్పుడు వారి చేతిలోని ఫోనును చూచి కసరకుడి. మా కాలములో ఇట్లు లేదని మొదలుపెట్టి గద్దింపుతో ముగించినచో పిల్లవాడు లేచిపోవును. మీరు పడిన కష్టమును, చేసిన తప్పును, దేవుడు మిమ్మును లేవనెత్తిన విధమును చెప్పుడి. ఆ ఫోను వాడుట వానియొద్దనే నేర్చుకొనుడి. మీకు నేర్పుటకు కూర్చున్నవాడు మీ మాట వినుటకును కూర్చుండును.

యౌవనస్థులారా, అవ్వకు చూపు తగ్గినచో వాక్యము చదివి వినిపించుడి. మీకు తెలుగు అక్షరములు రానిచో తాతను నేర్పుమనుడి. అవ్వకు చదువు రాకపోయినను పాటలు వచ్చును. వాటిని ఫోనులో పట్టి దాచుడి. దూరమున నున్నవారు ఆదివారము ఫోను చేసినప్పుడు, అన్నము తింటివా అని అడిగి ఊరకుండక, పాత సంగతి యొకటి అడుగుడి.

ఈ నెలలో ప్రతి యింటను పెద్దలు ఒక సంగతి చెప్పవలెను. పిల్లలు దానిని నోటుపుస్తకములో వ్రాయవలెను. పిల్లలు దగ్గర లేని ముసలివారి యిండ్లకు సండేస్కూలు పిల్లలు వెళ్లవలెను. నెల చివరి ఆదివారమున ఆ పుస్తకములను గుడికి తెండి. అందరము కలిసి చదువుకొందము.

చెప్పువారు ఉండగానే అడుగుదము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.