పంటచేల రక్షణకు తుపాకి యెంపిక

మొక్కజొన్న పొత్తు పాలుపోసికొను దినములలోను, వేరుసెనగ కాయ ఊరు దినములలోను మా యొద్దకు వచ్చు సభ్యులు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: అడవిపందిని కొట్టుటకు ఏ బోరు తుపాకి తగినది? మొన్నటి వానకాలమున శంకరపల్లి వైపు గ్రామమునుండి వచ్చిన యొక రైతు, ఒక్క రాత్రిలో తన యరయెకరము మొక్కజొన్న నేలపాలైనదని చెప్పి, "అయ్యా, ఖర్చెంతైనను సరే, దూరము కొట్టెడి రైఫిలు పేరు సెలవిండు" అని మమ్ము వేడెను. ఆతనికి మేము చెప్పిన మాటలనే యీ నెల సభ్యులందఱకును పాఠముగా వ్రాయుచున్నాము.

మొదట అంకెల యర్థము తెలిసికొనవలెను. రైఫిలు గొట్టము లోపల మెలిదిరిగిన గాడులుండును. వానివలన గుండు గిరగిర తిరుగుచు తిన్నగా పోవును. దాని బోరును గొట్టపు వ్యాసమునుబట్టి అంగుళపు భాగములలో చెప్పుదురు. .315 అనగా అంగుళమును వెయ్యి భాగములు చేయగా అందు 315 భాగములు, అనగా 8 మిల్లీమీటర్లు. నునుపు గొట్టపు తుపాకి లెక్క వేఱు. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, అట్టి గుండొకటి పట్టు గొట్టము 12 బోరు. 16 గుండ్లుగా పోసినచో 16 బోరు. కావున రైఫిలునందు అంకె పెరిగిన గొట్టము పెద్దదగును. నునుపు తుపాకియందు అంకె పెరిగిన గొట్టము చిన్నదగును. ఈ భేద మెఱుగక 16 బోరు 12 బోరుకంటె పెద్దదని తలచువారు మనలో ననేకులు.

జంతువునుబట్టి బోరు ఏల మాఱవలెను? గుండు చర్మమును, మాంసమును, ఎముకను దాటి గుండెకాయను గాని ఊపిరితిత్తులను గాని చేరిననే జంతువు వెంటనే పడును. ఆ శక్తి గుండు బరువునుబట్టియు, అంతకుమించి వేగమునుబట్టియు కలుగును. .22 రైఫిలు గుండు సాధారణముగా 40 గ్రెయిన్లు; .315 గుండు 244 గ్రెయిన్లు. ఈ రెండవదాని శక్తి మొదటిదానికి సుమారు 15 రెట్లు. పూర్వము వేటగాండ్రు కుందేళ్లకు, పిట్టలకు సన్నపు సీసపు గుళికలను, జింకలకు .240 మొదలు .300 వఱకుగల రైఫిళ్లను, కణుజునకు, పందికి 8 మిల్లీమీటర్ల తరగతిని, పెద్దపులికి .375 మొదలైనవానిని, అడవిదున్నకు, ఏనుగునకు .450 ఆపై బోరులను వాడెడివారు. ఇది పూర్వచరిత్రయే గాని యిప్పటి యనుమతి కాదు.

జంతువొక్కటియే బోరును నిర్ణయింపలేదు, ప్రభుత్వమును నిర్ణయించినది. సైన్యపు పాత రైఫిళ్లకు పనికివచ్చు తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కునను భయమున 1907లో నాటి ప్రభుత్వము .450 బోరును ఈ దేశమున నిషేధించెను. అందువలననే తుపాకులు చేయు కంపెనీలు .465, .470 వంటి కొత్త బోరులను కల్పించినవి. నేడును .303 సైనిక బోరు పౌరులకు నిషిద్ధము; .315 నిషిద్ధము కాదు. అయితే రైతు గమనింపవలసిన దింకొకటి కలదు. 1959 నాటి ఆయుధముల చట్టము 13వ సెక్షను పంట రక్షణకై ముందుగా చెప్పినది నోటినుండి మందు కూరు తుపాకి. అది చాలదని యధికారికి తోచినచో వేఱొక నునుపు గొట్టపు తుపాకి. రైఫిలు మాట అందు లేదు.

లైసెన్సు చేతికి వచ్చినంతమాత్రమున వేటకు సెలవు వచ్చినట్లు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత వేట నిషిద్ధమైనది. 2022 సవరణ తరువాత అడవిపంది రెండవ షెడ్యూలునం దున్నది. నిలిచియున్న పంటకు అది యపాయకరమైనదని తేలినచో, 11వ సెక్షను ననుసరించి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన యధికార మిచ్చిన వారు గాని, కారణములు చూపుచు వ్రాతమూలముగా అనుమతి నీయగలరు. ఆ కాగితము లేనిదే పందిపై తుపాకి యెక్కుపెట్టరాదు. మనుష్యుని ప్రాణము కాపాడుకొనుటకై సద్బుద్ధితో చంపుట నేరము కాదని చట్టము చెప్పును గాని, ఆ మాట పంటకు వర్తింపదు. అట్లు చంపబడిన జంతువు సయితము ప్రభుత్వపు సొత్తే. దాని మాంసము ఇంటికి తెచ్చికొనరాదు.

ఇక దూరము మాట. ఆ రైతు దూరము కొట్టెడి రైఫిలు కోరెను. మా భయమంతయు ఆ దూరమును గుఱించియే. గుఱి తప్పిన 6 నెంబరు సన్నగుళిక సుమారు 240 గజములలో పడిపోవును. ఎస్.జి. అను పెద్ద గుళిక సుమారు 700 గజములు పోగలదు. చిన్నదని తేలికగా చూచు .22 గుండు మైలుకు పైగా పోవును; .315 గుండు అంతకంటె నెంతో దూరము పోవును. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెఱచిన తరువాత నగరము కోకాపేట, తెల్లాపురము, కొల్లూరు దాటి మన చేల గట్టులవఱకు వచ్చినది. చీకటిలో పందికి తప్పిన గుండు ఏ మేడ కిటికీని వెదకునో, ఏ కూలివాని గుడిసెను వెదకునో యెవ్వరు చెప్పగలరు?

కావున మా యభిప్రాయ మిది. లైసెన్సును, వ్రాతపూర్వకమైన అనుమతియు గల రైతునకు 12 బోరు తుపాకియే తగినది. 50 గజములలోపల ఒంటి సీసపు గుండు. 30 గజములలోపల ఎల్.జి. గుళికలు. మగపంది భుజముపై దళసరి కవచమువంటి చర్మముండును. సన్నగుళికలు దానిని గాయపఱచునే గాని చంపవు. గాయపడిన పంది చేనిలోనే దాగి, తెల్లవాఱి కలుపుతీయ వచ్చిన స్త్రీపై బడును. కనుక .22ను, సన్నగుళికలను పందికి వాడనే వాడరాదు. ఒంటిగుండు సయితము అరమైలు పోగలదు. అందుచేత మంచెపైనుండి క్రిందికి గుఱిచూచి, తప్పినను గుండు నేలలో దిగబడునట్లు కొట్టవలెను. స్పష్టముగా కనబడనిదానిని, కేవలము అలికిడిని నమ్మి కొట్టరాదు.

తుపాకికి ముందు చేయదగిన పనులు కలవు. రాజేంద్రనగరమందలి వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మొక్కజొన్న చుట్టు ఆముదమును, వేరుసెనగ చుట్టు కుసుమను దగ్గరదగ్గరగా వరుసలు వేయుమని చెప్పియున్నారు. ఆముదపు వాసన మొక్కజొన్న వాసనను కప్పును. కుసుమ ముండ్లు పందిని అడ్డగించును. కంచెకు కరెంటు తీగ తగిలించుట మాత్రము కూడదు. అది పందిని, పొరుగువానిని వేఱుచేసి చూడదు.

శంకరపల్లి రైతు ఆనాడు రైఫిలు పేరు లేకయే, అటవీశాఖకు వ్రాయవలసిన యర్జీ నమూనాతో ఇంటికి మఱలెను. ఈ యేడు ఆతడు చేని చుట్టు ఆముదము వేసినాడు. అట్టి యర్జీ వ్రాసికొన దలచు సభ్యులు నష్టపోయిన చేని సర్వే నెంబరు, పైరు, నష్టపు విస్తీర్ణము, తేదీ వ్రాసి తెచ్చినచో మేము సహాయము చేయుదుము.