మహమ్మారి కాలంలో బిడ్డను కనాలా?

చి. ల. సౌ. శారదకు పెద్దమ్మ ఆశీస్సులు.

రోజుకో కొత్త జబ్బు పేరు వినిపిస్తున్న ఈ రోజుల్లో బిడ్డను కనడం న్యాయమేనా అని అడిగావు. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదది. కానీ, కోవిడ్ వచ్చాక జనం పిల్లల్ని కనడమే మానుకున్నారన్నావే, ఆ మాట మాత్రం ఒప్పుకోను. నాకు అర్థమైనంతలో మహమ్మారి కాన్పులను కొంతకాలం వెనక్కి జరుపుతుంది. పిల్లలు కావాలా, ఎందరు కావాలి అన్నది తేల్చేవి వేరే సంగతులు.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలోనే కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 1911 నుంచి 1921 వరకు దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. 1919లో కాన్పులు కూడా బాగా పడిపోయాయి. దీన్ని చూసి అప్పటి దంపతులు పిల్లలు వద్దనుకున్నారని అనగలమా? మామూలు ఫ్లూలా కాక ఆ జ్వరం 20 నుంచి 40 ఏళ్ళ వాళ్ళను ఎక్కువగా బలిగొంది. గర్భిణులకు మరీ ప్రమాదమైంది, ఎన్నో గర్భాలు నిలవలేదు. నిర్ణయించుకునే అవకాశమే చాలామందికి మిగల్లేదు. ఆ జ్వరం తగ్గాక, 1920లో నార్వేలో కాన్పులు ఒక్కసారిగా పెరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు రావడం వల్ల అలా జరిగిందని చెప్పడానికి లేదు, ఆ దేశం యుద్ధంలో దిగనే లేదు.

"అయితే భయపడి ఆగడం తప్పా?" అంటావేమో. తప్పు కాదమ్మా, జబ్బును బట్టి ఉంటుంది. జికా వైరస్ గర్భంలోని శిశువు మెదడునే దెబ్బతీయగలదు. బ్రెజిల్‌లో చిన్న తలతో పుట్టే బిడ్డల సంఖ్య పెరిగాక, 2016లో అక్కడ కాన్పులు అంతకు ముందు ఏడాది కంటే సుమారు 5 శాతం తగ్గాయి. అక్కడ ఆగడం వివేకమే. కానీ ఆగగలిగింది ఎవరు? 2018 దాకా గర్భం దాల్చవద్దని ఎల్ సాల్వడార్ ప్రభుత్వం స్త్రీలకు చెప్పింది. ఏ పరిస్థితిలోనూ గర్భస్రావానికి చట్టం ఒప్పుకోని దేశమది. గర్భనిరోధక సాధనాలు అందని పేదరాలు ఆ సలహాను ఎలా పాటిస్తుంది? భారమంతా ఆడదాని మీద వేసి ఊరుకోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

కోవిడ్ సంగతి వేరు. 2020 చివర్లో, 2021 మొదట్లో అమెరికాలోనూ ఇటలీలోనూ కాన్పులు తగ్గాయి. ఆ తర్వాత అమెరికాలో పుంజుకుని, 2021 మొత్తం మీద ముందటేడు కంటే ఒక శాతం పెరిగాయి. ఇటలీలో మాత్రం తగ్గుతూనే పోయాయి, ఎందుకంటే అక్కడ ఆ తగ్గుదల 2008 తర్వాతి నుంచీ ఉన్నదే. మన దగ్గరా అంతే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలే. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఆడపిల్లల చదువులు, ఆలస్యమైన పెళ్ళిళ్ళు, పెరిగిన ఖర్చులు కోవిడ్ కంటే ముందే కాన్పులను తగ్గించాయి.

"మరో మహమ్మారి రాదని హామీ ఏది?" అని నువ్వు అడగవచ్చు. హామీ ఎవరూ ఇవ్వలేరు. గర్భిణికి కోవిడ్ సోకితే జబ్బు ముదిరే ప్రమాదం, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఎక్కువన్నదీ నిజమే. కానీ దానికి టీకా ఉంది, 2021 జూలై నుంచి మన దేశంలో గర్భిణులకూ ఇచ్చారు. టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరన్న వదంతికి ఆధారం లేదని పెద్ద పరిశోధనలే తేల్చాయి. ఇంకో సంగతి. 25 ఏళ్ళప్పుడు రెండేళ్ళు ఆగడమూ 36 ఏళ్ళప్పుడు ఆగడమూ ఒకటి కావు. వయసు దాటిపోతోందని నిన్ను తొందరపెట్టడానికి కాదు ఈ మాట. పిల్లలు వద్దని మీ ఇద్దరూ అనుకుంటే అది మీ హక్కు, బంధువులకు సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కావాలనుకుని కూడా, పేరైనా తెలియని జబ్బుకు భయపడి ఆగిపోతావేమోనన్నదే నా బెంగ.

ఈ నెలలోనే మీ ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మీ ప్రాంతంలో ఇప్పుడున్న జబ్బుల్లో కడుపులోని బిడ్డకు హాని చేసేవేవో, గర్భానికి ముందే వేయించుకోవలసిన టీకాలేవో అడిగి తెలుసుకోండి.

నీ పెద్దమ్మ