సూది తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కితే

జొరం వచ్చాక వేసే సూది వేరు. జొరం రాకుండా ముందే వేసే సూది వేరు. ముందే వేసేదాన్ని టీకా అంటాం. ఫ్లూ జొరానికీ టీకా ఉంది. ఫ్లూ క్రిమి ఏటేటా రూపు మారుస్తుంది. అందుకే ఆ టీకా ప్రతి ఏడూ మళ్ళీ వేయించుకోవాలి.

"ఆ టీకా వేయించుకుంటే కాళ్ళూ చేతులూ పడిపోతాయట" అని కొందరు భయపడతారు. ఈ మాటలో నిజం ఎంత? అమెరికాలో 1976లో జరిగిన సంగతి చూద్దాం.

ఆ ఏడాది మొదట్లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక సైనిక శిబిరంలో ఫ్లూ వచ్చింది. ఒక సైనికుడు చనిపోయాడు. 1918లో ప్రపంచంలో కోట్లమందిని చంపిన ఫ్లూ మళ్ళీ వచ్చిందేమోనని డాక్టర్లు హడలిపోయారు. దేశంలో అందరికీ టీకా వేయాలని అధ్యక్షుడు ఫోర్డ్ ప్రకటించాడు. అక్టోబరులో టీకాలు మొదలయ్యాయి.

పది రోజులయ్యాయో లేదో, పిట్స్‌బర్గ్ నగరంలో టీకా వేయించుకున్న ముగ్గురు వృద్ధులు చనిపోయారు. జనం బెదిరిపోయారు. కొన్ని రాష్ట్రాలు టీకాలు ఆపేశాయి. తీరా చూస్తే ఆ ముగ్గురికీ ముందే గుండె జబ్బు ఉంది. టీకా వల్ల పోలేదని తేలింది. లక్షలమంది ముసలివాళ్ళకు సూది వేస్తుంటే, అందులో కొందరు అదే రోజు పోవడం వింతేమీ కాదు.

తర్వాత ఇంకో కబురు వచ్చింది. టీకా వేయించుకున్న కొందరికి రెండు మూడు వారాల్లో పాదాలు తిమ్మిరెక్కాయి. కాళ్ళలో సత్తువ పోయింది. కొందరికి ఊపిరి తీసుకోవడమే కష్టమైంది. ఈ జబ్బు పేరు గిలన్ బారీ. ఆసుపత్రి కాగితాల మీద జీబీఎస్ అని రాస్తారు.

ఇది కూడా ఊరికే కలిసివచ్చిందేనా? డాక్టర్లు లెక్క తీశారు. టీకా వేయించుకోనివారిలో ఎంతమందికి వచ్చింది? వేయించుకున్నవారిలో ఎంతమందికి వచ్చింది? వేయించుకున్నవారిలోనే చాలా ఎక్కువ. సుమారు లక్షమందికి ఒకరు అదనం. లక్ష అంటే రెండేసి వేలమంది ఉండే యాభై ఊళ్ళ జనం.

డిసెంబరు 16న టీకాలు నిలిపేశారు. అప్పటికి 4 కోట్లకు పైగా జనం వేయించుకున్నారు. భయపడిన ఫ్లూ మాత్రం రానేలేదు. రాని జబ్బు కోసం కొందరు మంచాన పడ్డారు, కొందరు చనిపోయారు. బాధితులకు ప్రభుత్వమే పరిహారం చెల్లించింది.

ఈ జబ్బులో ఏమవుతుంది? కరెంటు తీగ మీద తొడుగు ఉంటుంది కదా. మన నరాల మీదా అలాంటి పొర ఉంటుంది. క్రిములతో పోరాడే మన ఒంట్లోని శక్తే పొరపాటున ఆ పొర మీద పడుతుంది. ఇంటి కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్టు.

ఇప్పటి ఫ్లూ టీకాలతో ఈ జబ్బు వచ్చినా, పది లక్షలమందికి ఒకరిద్దరికి మించి రాదు. ఫ్లూ జొరమే వస్తే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. విరేచనాలు పట్టుకున్న తర్వాత కూడా ఈ జబ్బు వస్తుంది. 2025 జనవరిలో పూణెలో చాలామందికి వచ్చింది. అక్కడ కారణం టీకా కాదు, విరేచనాలు కలిగించే క్రిమి.

సూది వేసినచోట నొప్పి, ఒకటి రెండు రోజులు కాస్త జొరం మామూలే. అవే తగ్గిపోతాయి. కానీ రెండు పాదాలూ తిమ్మిరెక్కి, మెట్లెక్కలేక, కూర్చుంటే లేవలేకపోతే ఆగకూడదు. బలం సూది, సెలైను అంటూ ఊళ్ళో రోజులు గడపకూడదు. 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి పోవాలి. ఊపిరి ఆడనివారికి అక్కడ మిషను పెడతారు. దీనికి మందు ఉంది. త్వరగా మొదలుపెడితేనే మేలు. కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. అయినా ఎక్కువమంది మళ్ళీ నడుస్తారు.

టీకా వేసిన కాగితం పారేయకండి. మందు పేరు, తేదీ దాని మీద ఉంటాయి. డాక్టరుకు అదే చూపించండి. ఇంతకుముందు ఈ జబ్బు వచ్చినవారు, టీకాకు ముందే ఆ మాట నర్సమ్మకు చెప్పాలి.

చదివి చెప్పండి: పిట్స్‌బర్గ్ వృద్ధులు టీకా వల్ల పోలేదని ఎలా తెలిసింది? గిలన్ బారీ జబ్బు సంగతి ఎలా తేలింది?